నెలవారీ మొత్తాలు చిట్టాతో సరిపోకపోతే ముందు టైమ్ జోన్ చూడండి

మీరు అడిగినవి రెండు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో బిల్లుల టేబుల్ నుంచి నెలవారీ అమ్మకాలు తీస్తుంటే నిరుటి జనవరి, ఈ ఏడు జనవరి కలిసిపోతున్నాయి. పైగా ఏ నెల మొత్తమూ చిట్టా పుస్తకంతో సరిపోవడం లేదు.

మొదటిది తేలిక. నెల నంబరు ఒక్కటే తీసి గ్రూప్ చేస్తే ఏ ఏడాది జనవరి అయినా 1 కిందికే పోతుంది. దాని బదులు డేట్ ట్రంక్ ఫంక్షన్ వాడండి. అది ప్రతి తేదీనీ ఆ నెల ఒకటో తేదీగా మారుస్తుంది, సంవత్సరం అలాగే ఉంటుంది. గ్రూప్ బై (కలిపి కూడడం), ఆర్డర్ బై (వరుస పెట్టడం) రెండూ దాని మీదే పెట్టండి. నెల పేరు మీద ఆర్డర్ చేశారంటే ఇంగ్లీషు అక్షర క్రమంలో ఏప్రిల్, ఆగస్టు ముందుకొచ్చేస్తాయి.

రెండోది మాత్రం నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. నెల్లూరు జిల్లా ముత్తుకూరు వైపు ఒక ఐస్ ఫ్యాక్టరీకి బిల్లింగ్ చేసి పెట్టాను. మా దగ్గర రొయ్యల గుంటల పట్టుబడి ఎక్కువగా చీకటితోనే మొదలవుతుంది, ఎండెక్కితే సరుకు పాడవుతుందని. అందుకే ఐస్ బండ్లు తెల్లవారుజామునే కదులుతాయి. బిల్లులన్నీ కలిపి కూడితే చిట్టాతో సరిపోయేది, నెలల్లోనే తేడా. చివరికి బిల్లులు ఒక్కొక్కటే చూస్తుంటే దొరికింది: మే 1 తెల్లవారుజామున 4:10కి 40 దిమ్మలు. డేటాబేస్ లెక్కలో అది ఏప్రిల్ 30 రాత్రి 10:40! సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) నడుస్తోంది, మన టైమ్ దానికంటే 5:30 గంటలు ముందు. ఒకటో తేదీ 5:30 లోపు కొట్టిన ప్రతి బిల్లూ వెనక నెలకు పోతోందన్న మాట. ఏప్రిల్ 1న అయితే ఏకంగా వెనకటి ఆర్థిక సంవత్సరంలోకే. ఆడిటర్ ముందు ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

మీ సమయం కాలమ్ టైమ్ జోన్ ఉన్న రకమైతే, డేట్ ట్రంక్ లోపలే 'ఎట్ టైమ్ జోన్ ఏషియా/కోల్‌కతా' చేర్చండి. ఏ తేదీల బిల్లులు కావాలో చెప్పే వేర్ షరతులోని తేదీలకూ ఇదే టైమ్ జోన్ ఉండాలి. అక్కడ బిట్వీన్ (ఈ తేదీ నుంచి ఆ తేదీ వరకు అనేది) వాడకండి. చివరి తేదీ మార్చి 31 అని రాస్తే ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రి దగ్గరే ఆగిపోయి, ఆ రోజు అమ్మకాలన్నీ బయటే ఉండిపోతాయి. ఏప్రిల్ 1 కంటే తక్కువ అని రాయండి.

మార్చే ముందు మన టైమ్ ప్రకారం ఒకటో తేదీల్లో తెల్లవారుజామున 5:30 లోపు ఉన్న బిల్లులు మాత్రం విడిగా కూడి చూడండి. మీకు వస్తున్న తేడా అక్కడే దొరుకుతుందని నా నమ్మకం.