తోటలోకి ఇసుక రాకుండా బాలబందితీగను పెంచడం గురించి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

శ్రీకాకుళం జిల్లా బారువ తీరాన ఉన్న కొబ్బరితోటలోకి వేసవి గాలులకు ఇసుక కొట్టుకొచ్చి పాదులు పూడిపోతున్నాయని, సముద్రం వైపు గోడ కట్టించమంటావా అని అడిగావు. గోడ వద్దు. గాలికి అడ్డు నిలిచిన గోడ పక్కనే ఇసుక పోగుపడి కొన్నాళ్లకు దాన్ని దాటుతుంది. అలలు తాకితే పునాది కింది ఇసుక కోసుకుపోతుంది. ఆ డబ్బు ఉంచుకొని, ఈ తొలకరికి బాలబందితీగ నాటించు. మేక గిట్టలా రెండుగా చీలిన దళసరి ఆకులతో, పొద్దున విచ్చి మధ్యాహ్నానికి వాడిపోయే ఊదారంగు పూలతో మన తీరమంతా పాకే తీగ అది.

గాలి మోసుకొచ్చే ఇసుక ఆ ఆకులకు తగిలి వేగం తగ్గి అక్కడే రాలుతుంది. తీగ కప్పుబడినా చావదు. పైకి వచ్చి మళ్లీ పాకుతుంది, కప్పుబడిన ప్రతి కణుపు దగ్గరా వేరు దిగుతుంది. అందువల్ల దిబ్బ ఎత్తు పెరిగినకొద్దీ దాన్ని పట్టుకునే వేళ్లూ పెరుగుతాయి. గోడకు ఈ గుణం లేదు.

నాటడానికి కొమ్మలే మేలు. వర్షాలు కుదురుకొని ఇసుక లోపలి దాకా తడిసిన తర్వాత, లేత కొసను వదిలి, ముదిరిన భాగంలో రెండు మూడు అడుగుల ముక్కలు కోయించు. తీగను తిరగేసి చూస్తే నేలకు ఆనిన వైపు కణుపుల దగ్గర తెల్లని వేరు మొటిమలు పొడుచుకొని కనిపిస్తాయి. అటువంటి కణుపులు మూడు నాలుగు ఉన్న ముక్క తొందరగా అంటుకుంటుంది. తల్లివేరును పెకలించనివ్వకు, ఒకే చోట అంతా కోయనివ్వకు. కోసిన ముక్కలను తడి గోనెసంచిలో చుట్టి, వీలైనంతవరకు ఆ సాయంత్రమే నాటించాలి. జానెడు లోతున గాడి తీసి, ముక్కలో మూడింట రెండు వంతులు పడుకోబెట్టి, కొస మాత్రం పైకి ఉంచి, ఇసుకను గట్టిగా అదమాలి. మొక్కకూ మొక్కకూ మూడడుగులు ఉంచి, తీరానికి సమాంతరంగా, ఒక వరుస సందుకు ఎదురుగా మరో వరుస మొక్క వచ్చేట్టు పెట్టించు. వాన మొహం చాటేస్తే మొదటి రెండు వారాలు మంచినీళ్లు పోయించు. ఎరువు అక్కరలేదు.

కొమ్మలు చాలకపోతే గింజలు ఏరించు. ఎండిన కాయలో సాధారణంగా నాలుగు గింజలు ఉంటాయి. వాటి ఒంటి నిండా గోధుమరంగు నూగు ఉంటుంది. పెంకు ఎంత గట్టిదంటే నెలల తరబడి ఉప్పునీటిలో తేలి, వేరే తీరాన మొలవగలదు. అందుకే అలాగే పాతితే ఎప్పుడు మొలుస్తుందో చెప్పలేము. గరుకు రాతి మీద ఒక పక్క లోపలి తెలుపు కనబడేంతవరకు రుద్ది, రాత్రంతా మంచినీటిలో నానబెట్టించు. ఉబ్బినవాటిని అంగుళం లోతున పెట్టించి, ఉబ్బనివాటిని మళ్లీ రుద్దించు.

అన్నిటికన్నా చోటు ముఖ్యం. పోటు అలలు తెచ్చిన చెత్త ఎక్కడ వరుసగా నిలుస్తుందో చూసి, దానికి బాగా వెనుక, దిబ్బ మొదలయ్యే దగ్గర నాటించు. ముందున్న ఖాళీ ఇసుక మీద చేయి వేయవద్దు. చలికాలం చివర నుంచి వేసవి మొదలు దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన జిల్లా తీరానికి వచ్చి గుడ్లు పెట్టేది ఆ ఖాళీ ఇసుకలోనే. అక్కడ వేళ్లు అల్లుకుంటే వాటికి గుంత తవ్వుకోవడం కష్టమవుతుంది. సరుగుడు తోపు నీడలోనూ నాటవద్దు, నిండు ఎండ లేనిదే ఈ తీగ బాగా పెరగదు. రావణాసురుడి మీసాల గడ్డి ఉన్నచోట దాన్ని పీకించకు. ఆ గడ్డీ ఈ తీగా కలిసి ఉంటేనే దిబ్బ గట్టిగా నిలుస్తుంది. తీరం భూమి నీది కాదు గనుక గ్రామ సచివాలయంలోనూ అటవీ శాఖ వారి వద్దా ముందుగా అడుగు.

మొదటి ఏడాది మొక్కలను పాడుచేసేది గాలి కన్నా కాళ్లే. పశువులు తొక్కకుండా తుమ్మకంప వేయించు. పడవలు లాగే దారి ఎక్కడ కావాలో మత్స్యకారుల పెద్దలతో కూర్చుని మాట్లాడి, అంత మేర విడిచిపెట్టు. వారి దారికి అడ్డుపెట్టి నాటడం న్యాయమూ కాదు, నిలిచేదీ కాదు.

ఒక్కటి స్పష్టంగా చెప్పాలి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం ప్రాంతంలో కొబ్బరిచెట్లను ఎలా కూల్చిందో చూశాము. అంతటి గాలిని ఏ తీగా ఆపదు. పెద్ద అలలు ముందు వరుసలను కోసుకుపోవచ్చు కూడా. అప్పుడు తెగిపడిన తీగలను ఎండిపోనివ్వక ఏరి, ఇసుకలో తడి ఆరకముందే దిబ్బ మీద మళ్లీ పాతించు. కణుపు పచ్చిగా ఉంటే అవి తిరిగి అంటుకుంటాయి.

ఇట్లు,
మీ మామయ్య