పగడపు గోడ వెంట డైవ్‌కి వెళ్తున్న మేనకోడలికి

అంతర్వేది

అమ్మాయ్,

మాల్దీవుల్లో డ్రిఫ్ట్ డైవ్, అంటే నీటి లాగుడుతో పాటే సాగే డైవ్, బుక్ చేసుకున్నావని అమ్మ చెప్పింది. సర్టిఫికెట్ ఉంది కాబట్టి మొదటి పాఠాలు మళ్ళీ చెప్పను. నాకు ముఖ్యమనిపించినవే రాస్తున్నాను.

వశిష్ఠ సముద్రంలో కలిసే చోట పోటూ పాటూ చూస్తూ పెరిగావు. అమావాస్యకీ పౌర్ణమికీ నీటి లాగుడు ఎక్కువని నీకు తెలుసు. అక్కడా అంతే. కాకపోతే రుతుపవనాలు కూడా నీటి దిశని మారుస్తాయి, కాబట్టి పంచాంగం ఒక్కటీ చాలదు. దీవుల మధ్య పాయల్ని అక్కడ కందు అంటారు. నీళ్ళు కందులోంచి లోపలికి వస్తున్నాయా, బయటికి పోతున్నాయా అని దిగేముందు గైడ్‌ని అడుగు. బయటికి లాగే వేళ అయితే నేను దిగను, నువ్వూ దిగొద్దు.

కరెంట్‌కి, అంటే నీటి లాగుడుకి, ఎదురీదకు. వరద గోదావరిలో ఎవరైనా ఎదురీదుతారా? ఆగాలనిపిస్తే నిటారుగా దిగే పగడపు గోడకి దగ్గరగా, ఏదైనా మలుపు చాటుకి జరుగు. పగడాన్ని మాత్రం పట్టుకోకు, అది ప్రాణమున్నది.

నాకు అసలు భయం లోతు గురించే. మన తీరంలో గోదావరి ఒండ్రు వల్ల నాలుగు అడుగుల కిందే చీకటి, లోతు ఇట్టే తెలుస్తుంది. పగడాలు పెరిగే తేట నీళ్ళలో అలా కాదు. కింద నేల కనిపించదు, వెలుతురు తగ్గినట్టుండదు, ఏ తాబేలునో చూస్తూ 30 మీటర్లు దాటేస్తావు. అక్కడి చట్టం ప్రకారం హద్దు కూడా అదే. ఆ లోతులో గాలి పైనకంటే నాలుగు రెట్లు వేగంగా ఖర్చవుతుంది. చేపకంటే ముందు లోతు చూపే కంప్యూటర్ చూడు, మిగిలిన గాలి చూపే గేజ్ చూడు.

నీ బుడగలు పైకి పోకుండా కిందికి దిగుతుంటే, నీళ్ళు నిన్ను కిందికి లాగుతున్నాయన్నమాట. టెన్షన్ పడకు. గోడని వదిలి అడ్డంగా బయటి నీలపు నీళ్ళ వైపు ఈదు, బీసీడీలో, అదే గాలి నింపే జాకెట్‌లో, కాస్త గాలి నింపు. లాగుడు వదలగానే ఆ గాలి తీసేయాలి, లేకపోతే బంతిలా పైకి పోతావు.

నీతో జతగా దిగిన బడ్డీ కనబడకపోతే ఒక్క నిమిషం వెతుకు, తర్వాత నెమ్మదిగా పైకి రా. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగినప్పుడే నారింజరంగు బోయా పైకి వదులు. దాన్నిబట్టే పడవవాళ్ళు నిన్ను గుర్తుపడతారు. అద్దెది వద్దు, సొంతది కొనుక్కో.

చివరి డైవ్ తర్వాత 18 గంటలైనా విమానం ఎక్కకూడదు. తిరుగు టికెట్ మర్నాడు పొద్దున్నకి ఉందట, ఈరోజే మార్పించుకో.

మీ మావయ్య