ఏడు నెలల బాబుకి బ్రాంకియోలైటిస్: ఆసుపత్రిలో చేర్చాలా?

విజయవాడలో డాక్టర్ గారు బాబుని చేర్చమన్నారనీ, ఆక్సిజన్ మాట వినగానే ఇంట్లో అందరూ కంగారు పడుతున్నారనీ రాశారు. యాంటిబయాటిక్ కూడా రాయకుండా ఊరికే ఎందుకు ఉంచుకుంటారని మీ అత్తగారి అనుమానం. నా మాటగా చెబుతున్నా, చేర్చండి. మా పాపకి అయిదు నెలలప్పుడు ఇదే జబ్బు వచ్చి గుంటూరు కొత్తపేటలో ఒక పిల్లల ఆసుపత్రిలో ఉన్నాం. నేను డాక్టర్ని కాదు. అక్కడున్నన్నాళ్లూ డాక్టర్లనీ సిస్టర్లనీ అడిగి తెలుసుకున్నవే చెబుతున్నాను.

బ్రాంకియోలైటిస్ అంటే, ఊపిరితిత్తుల్లో చివరన ఉండే సన్నటి గొట్టాలు వైరస్ వల్ల వాచి, కఫంతో పూడుకుపోతాయి. ఎక్కువమంది పిల్లల్లో దానికి కారణం ఆర్‌ఎస్‌వి అనే వైరస్. అదే మనకొస్తే జలుబు చేసి పోతుంది. రెండేళ్లలోపు పిల్లలకి ఆ గొట్టాలు మరీ సన్నం కాబట్టి ఆయాసం, పిల్లికూతలు. వైరస్ మీద యాంటిబయాటిక్ పనిచేయదు. అది రాయలేదంటే నిర్లక్ష్యం అనుకోకండి, నా దృష్టిలో అలాంటి డాక్టరే మంచి డాక్టర్. బ్యాక్టీరియా కూడా తోడైందని అనుమానం వస్తే వాళ్లే మొదలుపెడతారు.

ఈ జబ్బుకి గడువుంది. మొదటి రెండు మూడు రోజులు మామూలు జలుబులాగే ఉండి, మూడు నుంచి అయిదో రోజు మధ్య ఆయాసం బాగా ముదిరి, ఆ తర్వాత తగ్గుముఖం పడుతుంది. ఆ గడ్డు రోజుల్లో బిడ్డ అలసిపోకుండా ఊపిరీ పాలూ అందేలా చూడడమే ఆసుపత్రి పని. మీ బాబుకి ఇది మూడో రోజన్నారు కదా, డాక్టర్ గారు ఇంటికి పంపకపోవడానికి అదే కారణమై ఉంటుంది.

మా పాపకి జ్వరం 100 కూడా దాటలేదు. "జ్వరమే లేదుగా, ఆసుపత్రి ఎందుకమ్మా?" అన్నారు మా మామగారు. ఈ జబ్బులో చూడాల్సింది జ్వరం కాదు, ఊపిరి. బాబు ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం పెట్టుకుని నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకి 50 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఊపిరి వేగంగా ఉన్నట్టు. ఏడాది దాటితే ఆ లెక్క 40, రెండు నెలలలోపు అయితే 60. డొక్కలు ఎగరేస్తున్నా, ముక్కుపుటాలు అదురుతున్నా, ఊపిరి వదిలేటప్పుడు మూలుగుతున్నా అంకె చూడక్కర్లేదు, వెంటనే తీసుకెళ్లాలి.

లోపల ఏం చేస్తారో ముందే తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. ఆక్సిజన్ అంటే వెంటిలేటర్ కాదు. ముక్కు దగ్గర సన్నటి గొట్టం పెట్టి, బుగ్గలకి టేపు అంటిస్తారు. మామూలుగా ఒంట్లో ఆక్సిజన్ 90 శాతం కంటే తగ్గి అక్కడే ఉంటే పెడతారు. అప్పటికీ ఆయాసం తగ్గకపోతే కాస్త ఎక్కువ వేగంతో, వెచ్చగా, తేమగా గాలి పంపే మిషన్ ఉంటుంది. దాన్ని హై ఫ్లో అంటారు. ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూడడానికి కాలి వేలికి కట్టే ప్రోబు జారితే మానిటర్ కూతపెడుతుంది. కూత వినగానే అంకె చూడకుండా ముందు బిడ్డ ముఖం చూడమని ఒక సిస్టర్ నేర్పింది. పెదవులు గులాబీ రంగులో ఉండి, హాయిగా నిద్రపోతుంటే ఎక్కువగా ప్రోబే జారి ఉంటుంది. అయినా ప్రతిసారీ సిస్టర్ని పిలవండి.

పాల విషయం అన్నిటికన్నా ముఖ్యం. నిమిషానికి అరవైసార్లు ఊపిరి తీస్తున్న బిడ్డకి పాలు మింగడం కష్టం, పొరబోయే ప్రమాదం కూడా ఉంది. అందుకే ముక్కులోంచి పొట్టలోకి సన్న గొట్టం వేసి పాలు పోస్తామంటే వద్దనకండి. నేను పాలు పిండి ఇచ్చేదాన్ని, సిస్టర్ సిరంజిలో పోసి ఎత్తిపట్టుకునేది. పాప పొట్ట నిండేది, నాకు పాలు ఎండిపోకుండా నిలిచాయి. తాగగలిగిన పిల్లలకైతే ముక్కులో సెలైన్ చుక్కలు వేసి, శుభ్రం చేశాక కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పట్టాలి. నెబ్యులైజర్ పెట్టలేదని గొడవపడే తల్లిదండ్రుల్ని అక్కడ చూశాను. ఈ జబ్బులో, నెబ్యులైజర్‌లో వేసే సాల్బుటమాల్ అనే ఆయాసం మందుతో చాలామంది పిల్లలకి పెద్ద ఉపయోగం ఉండదు.

చూడ్డానికొచ్చే చుట్టాల్ని కింద నుంచే పంపించేయండి. మా అమ్మ వరండాలో కూర్చుని ఆ పని చూసుకుంది. ఈ వైరస్ చేతుల మీదుగా కూడా అంటుకుంటుంది, పక్క మంచంలో ఇంకా చిన్న బిడ్డ ఉండొచ్చు. రాత్రుళ్లు మీరూ మీవారూ వంతులు వేసుకోండి, తల్లి నిద్ర కూడా వైద్యంలో భాగమే. డబ్బు ఇబ్బందైతే రెండు ఊళ్లలోనూ ప్రభుత్వాసుపత్రి ఉంది. ప్రైవేటులో చేరేముందు ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందేమో కౌంటర్‌లో అడగండి.

ఇంటికొచ్చాక దగ్గు రెండు మూడు వారాలు ఉండొచ్చు. దానికోసం మందుల షాపులో సిరప్ కొనకండి. రెండేళ్లలోపు పిల్లలకి దగ్గు, జలుబు సిరప్‌లు రాయవద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ కూడా చెప్పింది. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ వేయడం మా ఇంట్లోనూ ఆనవాయితీ. పెద్దవాళ్లకి నచ్చజెప్పి మానిపించాను, మీరూ మానిపించండి. అగరుబత్తి, దోమల కాయిల్, సిగరెట్ పొగ, ఏవీ వద్దు. ముక్కులో ఆముదం, నూనె అసలే వేయనివ్వకండి, అవి ఊపిరితిత్తుల్లోకి జారితే ఇంకో జబ్బు.

చేర్చడానికి వెళ్లేటప్పుడు టీకాల కార్డు, ఇంతవరకూ వాడిన మందుల చీటీలు, మెత్తటి నూలు బట్టలు పట్టుకెళ్లండి. చివరిసారి ఎప్పుడు ఎంత పాలు తాగాడో, ఎప్పుడు ఉచ్చ పోశాడో రాసి పెట్టుకోండి, వెళ్లగానే అవే అడుగుతారు. ఈలోగా మామూలుగా తాగే పాలలో సగం కూడా తాగకపోయినా, పన్నెండు గంటలుగా ఉచ్చ పోయకపోయినా వెంటనే బయల్దేరండి. పెదవులు నీలంగా మారినా, ఊపిరి ఆగి ఆగి వస్తున్నా, లేపినా లేవకుండా మగతగా ఉన్నా 108కి ఫోన్ చేయండి. అంబులెన్సులో ఆక్సిజన్ ఉంటుంది, ఆటోలో ఉండదు.