అంగారకుడి లోపలి నిర్మాణం చదవాలంటే పీజీలో ఏం తీసుకోవాలి?

ప్రశ్న: బీఎస్సీ (మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్) ఫైనలియర్‌లో ఉన్నాను. అంగారకుడి లోపలి నిర్మాణంపై పరిశోధన చేయాలని ఉంది. ఎమ్మెస్సీ ఆస్ట్రానమీలో చేరాలా? ఉద్యోగాలు రావని ఇంట్లో అంటున్నారు.

జవాబు: ఆస్ట్రానమీ కాదు, జియోఫిజిక్స్ తీసుకోండి. రాతి గ్రహం లోపల ఏముందో టెలిస్కోపుకు కనిపించదు. ప్రకంపనాల తరంగాల్ని చదవడం రావాలి. 2018 నవంబరులో అంగారకుడిపై దిగిన నాసా ల్యాండర్ ఇన్‌సైట్ ఒకే ఒక్క సీస్మోమీటరుతో (ప్రకంపనాలను నమోదు చేసే పరికరం) 1,300కు పైగా ప్రకంపనాలను పట్టింది. వాటి ఆధారంగా 2021లో కోర్ (గ్రహం మధ్యనున్న లోహ గర్భం) వ్యాసార్థం దాదాపు 1,830 కి.మీ. అన్నారు. అదే ఏడాది సెప్టెంబరులో గ్రహం అవతలి వైపు ఉల్క పడింది. ఆ తరంగాలు కోర్ అంచు వెంబడి వంగి వచ్చాయి. వాటిని కలిపి లెక్కించాక, కోర్ చుట్టూ 150 కి.మీ. మందాన కరిగిన సిలికేట్ (రాతి పదార్థం) పొర ఉందని 2023లో తేల్చారు. దాంతో కోర్ వ్యాసార్థం అంచనా 1,650-1,675 కి.మీ.కు తగ్గింది. ఉన్న డేటాకు ఒకటికి మించి మోడళ్లు సరిపోవడమే ఈ రంగంలో అసలు చిక్కు. అందుకే లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, ఇన్వర్షన్ థియరీ (కొలతల నుంచి లోపలి నిర్మాణాన్ని వెనక్కి లెక్కగట్టే పద్ధతి) గట్టిగా రావాలి.

ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. ఇన్‌సైట్ డేటా ఉచితం. పైథాన్‌లో ప్రకంపన డేటాను చదివే అబ్‌స్పై (ObsPy) లైబ్రరీ వేసుకుని 2019 జులై 26 నాటి ప్రకంపన రికార్డు తీసుకోండి. ముందు డీట్రెండ్ (రికార్డులోని నెమ్మది వాలును తీసేయడం), తర్వాత టేపర్ (రెండు చివరలను మెల్లగా సున్నాకు దించడం), ఆపైనే 0.1-0.9 హెర్ట్జ్ ఫిల్టర్ (ఆ పౌనఃపున్యాలనే ఉంచడం). టేపర్ వదిలేస్తే రికార్డు అంచుల్లో లేని అలలు పుడతాయి. ముందుగా వచ్చే పి, వెనక వచ్చే ఎస్ తరంగాల రాకల మధ్య తేడా ప్రకంపన ఎంత దూరంలో పుట్టిందో చెబుతుంది, పి తరంగం ఊగిన దిశ ఎటు నుంచి వచ్చిందో చెబుతుంది. పగటి గాలి హోరులో చిన్న ప్రకంపనాలు కలిసిపోతాయి. ఉష్ణోగ్రత మారినప్పుడు పరికరంలో పుట్టే గ్లిచ్‌లు (దొంగ సంకేతాలు) కోర్ నుంచి తిరిగొచ్చిన తరంగాల్లా కనిపించి మోసం చేస్తాయి. వాటిని గుర్తుపట్టడం అలవాటైతే సగం శిక్షణ అయినట్టే.

ఎమ్మెస్సీ జియోఫిజిక్స్ ఆంధ్రా, ఉస్మానియా యూనివర్సిటీల్లో ఉంది. ఐఐటీల్లో అప్లైడ్ జియోఫిజిక్స్‌కు జామ్ (ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) రాయాలి. ఏ పేపరు కావాలో ఆ ఏటి బ్రోచర్‌లో చూసుకోండి. పీహెచ్‌డీకి నెట్ (ఎర్త్ సైన్సెస్) లేదా గేట్ అక్కరకొస్తాయి. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) సీస్మాలజీకి (ప్రకంపనాల శాస్త్రం), అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ (పీఆర్‌ఎల్) గ్రహ శాస్త్రానికి పేరున్నవి.

ఇంట్లోవాళ్ల భయం నిజమే, గ్రహాల మీదే పనిచేసే పోస్టులు మన దగ్గర తక్కువ. కానీ ఇదే చదువుతో యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష రాసి జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్‌ఐ)లో జియోఫిజిసిస్టుగా చేరొచ్చు, చమురు అన్వేషణ సంస్థలకూ వెళ్లొచ్చు. ఈ మాట వాళ్లకు ముందే చెప్పండి.