ముగ్గురు పిల్లలున్నా చరిత్ర పుస్తకం ఒక్కటే చాలు

వందనాలు సిస్టర్. విజయవాడలో ఆరు, తొమ్మిది, పదమూడేళ్ల పిల్లల్ని ఇంట్లోనే చదివిస్తున్నామని, క్రైస్తవ దృక్పథంతో ఉండే చరిత్ర సిలబస్ ఏది మంచిదని, ఒక్కొక్కరికి వేరే సెట్టు కొనాలా అని అడిగారు. మేం గుంటూరులో ఉంటాం. మాకూ ముగ్గురే. ఆరేళ్లుగా నేనే చెబుతున్నాను.

వేరువేరుగా కొనకండి. మొదటి ఏడాది నేను చేసిన పొరపాటు అదే. తరగతికొకటి చొప్పున అమెరికా పుస్తకాలు తెప్పించాను. పెద్దమ్మాయికి అమెరికా అంతర్యుద్ధం, నడిపివాడికి ఈజిప్టు, చిన్నదానికి ఇంకేదో. ఒకరికి చెబుతుంటే మిగతా ఇద్దరూ దిక్కులు చూసేవాళ్లు. దసరా నాటికి నా గొంతు పోయింది, వాళ్లకు చరిత్రంటేనే విసుగొచ్చింది. డబ్బు పోతే పోయింది, అన్నం దగ్గర కూర్చుని ముగ్గురూ కలిసి మాట్లాడుకునే పాఠం ఒక్కటీ లేకపోయిందే అని బాధపడ్డాను.

తర్వాతి ఏడాది నుంచి ఇంటిల్లిపాదికీ ఒకే పాఠం. సృష్టి దగ్గర మొదలుపెట్టి నాలుగేళ్లలో ఈ రోజుల దాకా వస్తాం. నేను పైకి చదువుతాను, అందరూ వింటారు. చేసే పని మాత్రం వయసును బట్టి. చిన్నది బొమ్మ గీసి నోటితో చెప్పేది, నడిపివాడు అయిదారు వాక్యాలు రాసేవాడు, పెద్దది అది ఎందుకు జరిగిందో రెండు పేజీలు రాసేది. మేం వాడింది ‘ద మిస్టరీ ఆఫ్ హిస్టరీ’. నాలుగు సంపుటాలు. పాఠం అందరికీ ఒకటే, పనులు మూడు వయసులకు విడిగా ఇస్తారు. ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి పేరా చదివి తెలుగులో చెప్పేదాన్ని.

అయితే మన ప్రాంతం సంగతులు మీరే కలుపుకోవాలి. పాత క్యాలెండర్ల వెనకవైపు వరసగా అతికించి హాల్లో గోడ పొడవునా కాలరేఖ పెట్టాం. జర్మనీలో సంఘ సంస్కరణ మొదలుపెట్టిన లూథర్ పాఠం రోజున నడిపివాడు 1517 అని చీటీ రాసి, మైదా జిగురు పూస్తూ, “అమ్మా, అప్పుడు మన దగ్గర రాజెవరు?” అన్నాడు. చూస్తే 1515లో కృష్ణదేవరాయలు కొండవీడు కోటను గెలిచాడు. ఆ కోట మేం అంతకు ముందు నెలే ఎక్కి వచ్చాం. రెండు చీటీల మధ్య బెత్తెడు దూరం లేదు. ముగ్గురూ గోడ దగ్గరే నిలబడిపోయారు, ఆ వారమంతా ప్రశ్నలే.

అలాగే అమెరికా మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్. 1883లో గుంటూరు వచ్చారు. ఆమె డాక్టరే అయినా మిషన్ బోర్డు మొదట పంపింది వైద్యానికి కాదు, జనానాల్లో, అంటే పరదా చాటున ఇళ్లలోనే ఉండే స్త్రీల మధ్య పని చేయమని. అయినా వైద్యం మొదలుపెట్టి, 1898 నాటికి ఆసుపత్రే తెరిచారు. ఆ పాఠాన్ని కుగ్లర్ ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి చెప్పాను.

మీ పదమూడేళ్ల బిడ్డకు ఇంకాస్త బరువైనది ఇవ్వండి. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వే కాంట్రాక్టు తీసుకుని మాదిగలకు పని కల్పించాడు. కరువు సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపి, 1878 జూలైలో మొదలుపెడితే ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. ఎందుకు ఆపాడు? కులం బాధ పడ్డవాళ్లు సంఘంలో ఏం వెతుక్కున్నారు? దీని మీద మా పెద్దదీ నేనూ మూడు రోజులు మాట్లాడుకున్నాం. ఈ మాటలు పిల్లలు ముందు మన నోటే వినాలని నాకు గట్టిగా ఉంటుంది.

ఒక సంగతి మాత్రం మర్చిపోకండి. బడికి వెళ్లకుండా పరీక్ష రాయించే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్) పది పరీక్షకు కనీస వయసు 14 ఏళ్లు. అందులో చరిత్ర సాంఘిక శాస్త్రంలో భాగంగా వస్తుంది, దానికి వాళ్ల పుస్తకాలే చదవాలి. మా పెద్దది పోయినేడు రాసింది. వారానికి రెండు రోజులు దానికి విడిగా కేటాయించాం, సాయంత్రం అందరితో కూర్చునే పాఠం మాత్రం మానలేదు.

నాలుగు సంపుటాలూ ఒకేసారి తెప్పించుకోవద్దు. మొదటిది తీసుకుని, నెల రోజులు పిల్లలకు చదివి వినిపించి, అప్పుడు మిగతావాటి సంగతి చూడండి.