పూర్తిగా ఎదిగిన కోడిపిల్ల పెంకులోనే ఎందుకు చచ్చిపోతోంది?

సందేహం: సార్, మాకు 22 నాటుకోడి పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. ఆన్‌లైన్‌లో ఫ్యాన్ ఉన్న చిన్న ఇంక్యుబేటర్ కొని మొదటిసారి 40 గుడ్లు పెట్టాను. మూడు వారాల పాటు ఇంట్లో బుట్టలో పోగుచేసిన గుడ్లు అవి. 9 పిల్లలే వచ్చాయి. పొదగని గుడ్లు పగలగొట్టి చూస్తే 10 గుడ్లలో ఏమీ లేదు, 4 గుడ్లలో నెత్తుటి గీత ఉంది, 17 గుడ్లలో పిల్ల పూర్తిగా ఎదిగి చచ్చిపోయింది. వాటిలో కొన్ని పెంకుకు బెజ్జం కూడా పెట్టాయి. లోపలి పొర ఎండిన కాగితంలా పిల్లకు అంటుకుపోయింది. పిల్లలు వస్తున్నాయని గంటకోసారి మూత తీసి చూశాను, రెండింటిని నేనే పెంకు ఒలిచి బయటికి తీశాను కానీ అవి బతకలేదు. మిషన్‌లో లోపమా? ఎండాకాలం అయ్యేలోపు మళ్ళీ పెట్టాలనుకుంటున్నాను. – ఒక రైతు, నల్గొండ జిల్లా

సలహా: నమస్తే అండి. పొదగని గుడ్లు పారేయకుండా పగలగొట్టి లెక్క రాసుకోవడం మీరు చేసిన చాలా మంచి పని, ఎందుకంటే పిల్ల ఏ రోజున చచ్చిందో తెలిస్తే పొరపాటు ఎక్కడ జరిగిందో సగం తెలిసిపోతుంది. మిషన్‌ను అప్పుడే తప్పుపట్టకండి. 17 పిల్లలు చివరి దాకా ఎదిగాయంటే, పొదగడానికి పట్టే 21 రోజుల్లో మొదటి 18 రోజులు వేడి దాదాపు సరిగ్గానే అందింది. మీకు ఎక్కువ నష్టం చేసింది ఆఖరి మూడు రోజుల్లో మూత తీయడమే.

20వ రోజు ప్రాంతంలో పిల్ల ముందు గుడ్డు లోపలి గాలి గదిని పొడిచి ఊపిరితిత్తులతో గాలి పీల్చడం మొదలుపెడుతుంది, తర్వాత పెంకుకు బెజ్జం పెడుతుంది, ఆ తర్వాత చాలాసేపు కదలకుండా ఉంటుంది. మనకేమో అది ఇరుక్కుపోయిందని టెన్షన్. నిజానికి ఆ సమయంలో పొర నరాల్లో ఉన్న రక్తం, మిగిలిన పచ్చసొన పిల్ల ఒంట్లోకి వెళ్తుంటాయి. బెజ్జం పెట్టాక బయటికి రావడానికి 12 నుంచి 24 గంటలు పట్టడం మామూలే. మీరు ముందే ఒలిచేస్తే నెత్తురు కారుతుంది, బొడ్డు మూసుకోదు, ఆ రెండూ అందుకే పోయాయి. ఇక మూత తీసిన ప్రతిసారీ లోపలి తేమంతా ఒక్కసారిగా బయటికి పోయి, పొర ఎండి, పిల్ల తిరగలేక పెంకులోనే చచ్చిపోతుంది. మీరు చెప్పిన ఎండు కాగితం లాంటి పొరకు కారణం అదే.

కాబట్టి ఈసారి 18వ రోజున గుడ్లు తిప్పడం ఆపండి, గుడ్ల కింద గరుకైన గోనె గుడ్డ పరవండి (నున్నటి కాగితం మీద పిల్లల కాళ్ళు జారి ఎడమైపోతాయి), తేమ 65–70 శాతానికి పెంచి మూత వేసేయండి. మళ్ళీ తీయొద్దు. నీళ్ళు పోయాలంటే గాలి రంధ్రంలోంచి సన్నటి గొట్టంతో గోరువెచ్చని నీళ్ళు పోయండి. తేమ పెరిగేది నీటి లోతు వల్ల కాదు, నీరు పరుచుకున్న వెడల్పు వల్ల. అందుకే తడి స్పాంజి ముక్క పెడితే బాగా పనిచేస్తుంది. ముందుగా వచ్చిన పిల్లలు ఆకలితో చస్తాయేమో అని భయపడకండి, కడుపులో పచ్చసొన ఉంటుంది కాబట్టి 48 గంటల దాకా తిండి లేకపోయినా తట్టుకుంటాయి.

మొదటి 18 రోజులు తేమ 50–55 శాతం చాలు. తేమ మీటరు సరిగ్గా చూపిస్తోందా అంటే, సీసా మూతలో ఉప్పు పోసి కొద్ది నీళ్ళతో ముద్దలా తడిపి, మీటరుతో పాటు గాలి పోని డబ్బాలో ఒక రాత్రి ఉంచండి, పొద్దున 75 దగ్గర చూపించాలి. ఇంకో మార్గం, నాకు దీని మీదే ఎక్కువ నమ్మకం, తూకం. పెట్టే రోజు 10 గుడ్లు కలిపి 400 గ్రాములు ఉంటే 18వ రోజుకు 350 గ్రాముల దగ్గరికి రావాలి. అంతకంటే బాగా తగ్గితే తేమ చాలలేదని, తగ్గకపోతే ఎక్కువైందని.

వేడి ఫ్యాన్ ఉన్న మిషన్‌లో 37.5 డిగ్రీలు, అంటే 99.5 ఫారెన్‌హీట్. తెర మీద అంకెను మాత్రమే నమ్మకుండా జ్వరం చూసే పాదరసం థర్మామీటరు విదిలించి గుడ్ల పక్కన ఒక పూట ఉంచండి, వేడి ఎంత దాకా ఎక్కిందో అది పట్టి చూపిస్తుంది. కరెంటు గంట, రెండు గంటలు పోయినా కంగారు పడొద్దు. పెట్ట కూడా మేతకని రోజూ కాసేపు గుడ్లు వదిలి లేస్తుంది కదా. చల్లదనం కంటే వేడి ఎక్కువైతేనే ప్రాణం మీదికి వస్తుంది, కాబట్టి మిషన్‌ను రేకుల వసారాలో కాకుండా ఇంట్లో చల్లటి గదిలో పెట్టండి.

ఇక ఏమీ లేని 10, నెత్తుటి గీతతో ఉన్న 4. 22 పెట్టలకు ఒక్క పుంజు చాలదు, 8–10 పెట్టలకు ఒకటి కావాలి. అందుకని కొన్ని గుడ్లకు పుంజు కలవలేదు. కానీ అన్నీ అవే అనుకోను. గది వేడి 21 డిగ్రీలు దాటితే పిండం నెమ్మదిగా ఎదగడం మొదలుపెడుతుంది, మన ఎండలకు బుట్టలో మూడు వారాలున్న గుడ్డులో అది బలహీనపడి, పొదగ పెట్టిన తొలి రోజుల్లోనే చచ్చిపోతుంది, పగలగొడితే ఖాళీ గుడ్డులానో, నెత్తుటి గీతతోనో కనిపిస్తుంది. అందుకని వారం లోపు గుడ్లే పెట్టండి. కుండలో తడి ఇసుక పోసి, దాని మీద పొడి గుడ్డ పరిచి, గుడ్లు సన్నటి కొన కిందికి ఉండేలా నీడలో ఉంచండి. గుడ్లు కడగొద్దు, ఫ్రిజ్‌లో పెట్టొద్దు.

తిప్పడం చేత్తో అయితే ఒకవైపు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని రోజుకు 5 సార్లు తిప్పండి, బేసి సంఖ్య అయితే ప్రతి రాత్రీ ఒకే వైపు పైకి ఉండదు. 7వ రోజు రాత్రి చీకట్లో సెల్ టార్చి మీద గుడ్డు ఆనించి చూస్తే సాలెగూడు లాంటి నరాలు కనిపించాలి. కనిపించనివి తీసేయండి, మురిగి పగిలితే మిగతావి కూడా పాడవుతాయి.

పిల్లలు ఆరాక తీసి మొదటి వారం 95 ఫారెన్‌హీట్ వేడి ఉండేలా బల్బు కిందికి మార్చండి, ఆ తర్వాత వారానికి 5 డిగ్రీలు తగ్గించండి. 5–7 రోజుల మధ్య కొక్కెర వ్యాధికి లసోటా టీకా చుక్కలు తప్పనిసరి, టీకా దొరుకుతుందో లేదో మీ పశువైద్యశాలలో ముందే అడిగి పెట్టుకోండి. ఈసారి 25 గుడ్లకు మించి పెట్టకండి. 7వ రోజు ఎన్ని తీసేశారో, 18వ రోజు తూకం ఎంత వచ్చిందో రాసి పంపండి, ఆ రెండు అంకెలు చూస్తే ఇంకేం సరిచేయాలో చెప్పగలను.