తళ్ళికోటలో జరగని తళ్ళికోట యుద్ధం

ప్రశ్న: 1565లో విజయనగరం ఓడిపోయిన యుద్ధాన్ని పాఠ్యపుస్తకాల్లో తళ్ళికోట యుద్ధమనీ, కొన్ని చరిత్ర గ్రంథాల్లో రక్కసి-తంగడి యుద్ధమనీ రాస్తున్నారు. ఇవి రెండు వేర్వేరు యుద్ధాలా? ఒకటే అయితే ఏ పేరు సరైనది?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: రెండూ ఒకే యుద్ధానికి పేర్లు. 1565 జనవరిలో అళియ రామరాయలకూ, బీజాపూర్, అహ్మద్‌నగర్, గోల్కొండ, బీదర్ సుల్తానుల కూటమికీ జరిగిన ఈ పోరు తళ్ళికోటలో మాత్రం జరగలేదు. ఇప్పటి కర్ణాటకలో, విజయపుర జిల్లాలో ఉన్న ఆ ఊరికీ కృష్ణానదికీ మధ్య సుమారు 40 కిలోమీటర్ల దూరం ఉంది. 1564 డిసెంబరులో సుల్తానుల సేనలు విడిది చేసింది అక్కడ. చరిత్రకారుడు ఫెరిష్తా కథనం ప్రకారం, కృష్ణను దాటే రేవును విజయనగర సైన్యం కాపు కాస్తుండటంతో, సుల్తానుల సేనలు వేరేచోట దాటబోతున్నట్టు నమ్మించడానికి మూడు రోజులు నది వెంబడి నడిచి, కాపలావాళ్లు తమ వెంట కదలగానే రాత్రికి రాత్రి వెనుదిరిగి వచ్చి, ఖాళీ అయిన అదే రేవులో నది దాటాయి. అసలు పోరు ఆ తర్వాత దక్షిణపు గట్టున జరిగింది.

బీజాపూర్ ఆస్థానంలో ఉండి పారసీకంలో రాసిన ఫెరిష్తా గ్రంథాన్ని జాన్ బ్రిగ్స్ 1829లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. దాని మీద ఆధారపడిన ఇంగ్లీషు చరిత్రకారుల ద్వారా గెలిచినవారి విడిది పేరే యుద్ధానికి స్థిరపడి, మన పాఠ్యపుస్తకాలకూ చేరిందని నా అభిప్రాయం. రక్కసి-తంగడి అన్నది కృష్ణ ఒడ్డున ఉన్న రక్కసగి, తంగడగి గ్రామాలను బట్టి వచ్చింది. కొందరు దీన్ని ‘రాక్షసి తంగడి’ అని రాయడం వల్ల ఇదేదో బీభత్సాన్ని వర్ణించే పేరని పాఠకులు పొరబడుతుంటారు.

యుద్ధాల పేర్లు చాలావరకు తర్వాతివారు పెట్టినవే. 1337 నుంచి 1453 దాకా, అంటే 116 ఏళ్లు, ఆగి ఆగి సాగిన ఇంగ్లండు-ఫ్రాన్సు పోరాటాలను కలిపి నూరేళ్ల యుద్ధం అన్నది ఆ తర్వాతి చరిత్రకారులే. 1757 నాటి బొబ్బిలి యుద్ధానికి ఈ చిక్కు లేదు. అది బొబ్బిలి కోట దగ్గరే జరిగింది.

ఇక సరైన పేరంటారా, రణక్షేత్రం కచ్చితంగా ఎక్కడన్నది చరిత్రకారుల మధ్య ఇంకా వాదంలోనే ఉన్నా, రక్కసి-తంగడి దానికి దగ్గరి పేరు. అయితే పరీక్షలో తళ్ళికోట అని రాసినవారికి మార్కులు తగ్గవు. కొన్ని గ్రంథాల్లో బన్నిహట్టి యుద్ధమన్నా ఇదేనని గుర్తించండి.